దూరాలాయన

గోదావరి డెల్టాలో దూరాలాయన లేని ఊరు అరుదు. సాధారణంగా రిటైరైన లెక్కల మాస్టారో, బస్సు కండక్టరో, ఏ పనీ లేని పెద్దమనిషో అయి ఉంటాడు. మకాం టీకొట్టు బల్ల. ఎవరు ఎక్కడికి బయల్దేరినా ఎంత దూరమో, ఎంతసేపు పడుతుందో చెప్పడం ఆయన పని. ఎవరూ అప్పగించలేదు, మానమనే ధైర్యమూ ఎవరికీ లేదు.

ఈ విద్య ఇక్కడ ఇంతగా పండడానికి కారణం గోదావరే. నరసాపురం రేవులో నిలబడితే అవతల సఖినేటిపల్లి కొబ్బరిచెట్లు కనిపిస్తూనే ఉంటాయి. పంటు దొరక్కపోతే మాత్రం చించినాడ వంతెన మీంచి చుట్టు తిరగాలి. యానాం, ఎదుర్లంకల మధ్య 2002లో వంతెన వచ్చేదాకా అక్కడా రేవు దాటుడే. అందుకే దూరాలాయన కిలోమీటర్లను నమ్మడు. "పంటు అవతలుంటే అరగంట కలుపుకోవాలండి" అనడంలోనే ఆయన పాండిత్యమంతా ఉంది.

కుర్రాళ్ళు విదేశాలకు వెళ్ళడం మొదలయ్యాక ఆయన ఏలుబడి పెరిగింది. మావాడు ఆక్రాలో ఉన్నాడు, లాగోస్ వెళ్ళాలంట అని ఎవరైనా అంటే చాలు.

"ఆక్రా నించి లాగోసేగా? మన రాజమండ్రి నించి హైదరాబాదేనండి, ఆయ్!"

ఇందులో తప్పు పట్టడానికేం లేదు. గాలిదారిన మనది సుమారు 360 కిలోమీటర్లు, వాళ్ళది సుమారు 400. ఎగిరేది ఎటైనా గంట, కాస్త అటూ ఇటూ. అయితే లాగోస్ గడియారం ఆక్రా కంటే గంట ముందుంటుంది. ఆక్రాలో పదింటికి ఎక్కినవాడు లాగోస్‌లో పన్నెండింటికి దిగుతాడు. తిరుగుదారిలో పదింటికి ఎక్కి పదింటికే దిగుతాడు. ఈ సంగతి చెప్పేటప్పుడు దూరాలాయన గొంతు తగ్గిస్తాడు. బల్ల మీద వాళ్ళంతా ఆ గంట తమకే మిగిలినట్టు సంతోషిస్తారు. రోడ్డు మీదైతే టోగో, బెనిన్ దేశాలు దాటాలి, సరిహద్దులు మూడు. "మూడు రేవులన్నమాట" అని తేల్చేస్తాడు.

పంటు దగ్గర అరగంట వదలని ఈ మనిషి విమానం దగ్గరికొచ్చేసరికి ఎక్కడలేని ఉదారుడు. అమలాపురం నుంచి మధురపూడి విమానాశ్రయానికి పట్టే రెండు గంటలు, ముందుగా చేరి కూర్చునే గంటన్నర ఆయన లెక్కలోకి రావు. అదేమంటే, "అది ప్రయాణం కాదండి, బయల్దేరడం" అంటాడు. తాను మాత్రం ఎవరినో దింపడానికి ఆ గేటు దాకా వెళ్ళాడు, అంతే.

ఒకే ఊళ్ళో ఇద్దరు దూరాలాయనలుంటే అమలాపురం నుంచి కాకినాడ వెళ్ళేవాడికి కష్టం. ఒకాయన యానాం మీదుగా వెళ్ళమంటాడు, రెండో ఆయన ముక్తేశ్వరంలో కోటిపల్లి పంటు ఎక్కమంటాడు. వాదన తెగేలోపు బస్సు వెళ్ళిపోతుంది. తరవాతి బస్సు ఎప్పుడంటే మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట.

"ఇదిగో, వచ్చేత్తందండి."