దీపస్తంభ పద్యానికి వాయుపుర వ్యాఖ్య

అవతారిక: శ్రీకాళహస్తిలో ఏడో తరగతి చదివే పిల్లవాడొకడు బడిలో సైన్స్ ఎగ్జిబిషన్‌కి లైట్‌హౌస్ బొమ్మ కట్టాడు. ఒడ్డున సుఖంగా నిలబడే రకం కాదు, నడిసముద్రంలో బండ మీద అలల దెబ్బలు తినే రకం. వాడి తాత రిటైరైన తెలుగు పండితుడు. మనవడి అవస్థ చూసి ఆయన ఒక ఆటవెలది చెప్పారు. మూలంలో లేనిది రాయనని సంస్కృత కావ్యాల వ్యాఖ్యాత మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. మెతుకుసీమ కొల్చారం వాడు, మాట మీద నిలబడ్డాడు. ప్రస్తుత వ్యాఖ్యాత అలాంటి ఒట్టేదీ పెట్టుకోలేదు.

మూలం:

కడలి లేని యూరఁ గట్టె దీపస్తంభ
మట్ట గొట్టమునకు మన్ను పూసి
గాలిదేవునూరఁ గదలని వెల్గుకు
బ్యాటరీయె దిక్కు బాలకునకు

ప్రతిపదార్థం: కడలి లేని = సముద్రము లేనట్టి; ఊరన్ = శ్రీకాళహస్తియందు; అట్ట గొట్టమునకున్ = బట్టల షాపులో తాను అయిపోగా మిగిలిన అట్ట గొట్టమునకు; మన్ను పూసి = ఫెవికాల్ కలిపిన బంకమన్నును పట్టించి; దీపస్తంభమున్ = లైట్‌హౌసును; కట్టెన్ = నిర్మించెను; గాలిదేవు ఊరన్ = వాయులింగము వెలసిన ఆ ఊరియందే; కదలని = రెపరెపలాడని; వెల్గుకున్ = కాంతి కొఱకు; బాలకునకున్ = ఆ కుర్రవానికి; బ్యాటరీయె = తొమ్మిది వోల్టుల బ్యాటరీ మాత్రమే; దిక్కు = శరణము.

‘కడలి లేని’ అనే విశేషణం మీద పూర్వపక్షం ఒకటుంది. రాహుకాలంలో గుడి ముందు నిలబడి చూసినవాడు కాళహస్తిలో కడలి లేదని ఎలా అంటాడు? రాహుకేతు పూజకు వచ్చిన జనం ఏమిటి మరి? సమాధానం: ఆ కడలికి దీపస్తంభం అక్కర్లేదు, క్యూలైను చాలు. స్వర్ణముఖి కూడా సముద్రానికే పోతుంది కదా అంటే, ఏరు పోతుంది, ఊరు పోదు.

రెండో పూర్వపక్షం కాస్త గట్టిది. దుగరాజపట్నం తీరాన ఆర్మగాన్ లైట్‌హౌస్ ఉండగా పరదేశపు స్తంభం దేనికి? ఇంగ్లీషు కంపెనీ అక్కడ వర్తకం పెట్టుకుంది. అక్కడినుంచే ఫ్రాన్సిస్ డే దక్షిణంగా వెళ్లి 1639లో మదరాసు స్థలం సంపాదించాడు. కథకు లోటు లేదు. కానీ ఆ స్తంభం ఒడ్డున ఉంది. బండ మీదిదే కావాలంటే బొంబాయి సముద్రంలో ప్రాంగ్స్ రీఫ్ మీద 1875 నాటిది ఉందే అని మేనమామ అన్నాడు. వాడు వినలేదు. వాడికి ఇంగ్లండులో ప్లిమత్ ఎదుట ఎడ్డీస్టోన్ బండ మీద జాన్ స్మీటన్ కట్టిందే కావాలి. అసలు కారణం లెక్కలో ఉంది. స్మీటన్ స్తంభం ఎత్తు 72 అడుగులు. డెబ్బై రెండో వంతు చేస్తే సరిగ్గా అడుగు. పిల్లలు చరిత్ర చూసి కాదు, భాగహారం చూసి నాయకుణ్ణి ఎంచుకుంటారు.

‘కట్టెన్’ అన్న క్రియ తేలిక కాదు. ఆ బండ మీద మొదట విన్‌స్టాన్లీ అనే ఆసామి 1698లో దీపం వెలిగించాడు. ఎంతటి తుఫానొచ్చినా అందులోనే కూర్చుంటానని ధీమా. 1703లో నిజంగానే మహా తుఫాను వచ్చింది, ఆయన నిజంగానే లోపల ఉన్నాడు, పొద్దునకి ఇద్దరూ లేరు. తరవాత వచ్చిన చెక్క స్తంభం 1755లో కాలిపోయింది. స్మీటన్ ఓక్ మానును చూసి, మొదలు బలిసి పైకి సన్నబడే ఒంపు పట్టుకున్నాడు. వడ్రంగి చెక్కల్ని కొరికించినట్టు రాళ్లను ఒకదానిలో ఒకటి కొరికించాడు. నీళ్లలోనే గట్టిపడే సున్నం వాడాడు. 1759లో దీపం వెలిగింది. నూరేళ్లు దాటాక కూడా స్తంభం బాగానే ఉంది, కింద బండే అరిగిపోతోంది. అందుకని పక్కనే ఇంకోటి కట్టి 1882లో వెలిగించారు. పాతదాని పైభాగాన్ని రాయి రాయి విప్పి ప్లిమత్ ఒడ్డున మళ్లీ నిలబెట్టారు. మొదలు అక్కడే ఉండిపోయింది.

ఎత్తయినవి పడిపోతాయన్నది కాళహస్తి పిల్లలకు పాఠం చెప్పాల్సిన సంగతి కాదు. 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన రాజగోపురం 2010 మే 26న కూలింది. ఇప్పుడున్నది కొత్తది.

‘మన్ను పూసి’: ఇది పాదపూరణ కాదు. స్మీటన్ స్తంభం అడుగున 26 అడుగుల వెడల్పు, పైన 17. డెబ్బై రెండో వంతున అడుగు నాలుగుంబావు అంగుళాల పైచిలుకు, పై కొస మూడంగుళాలకు కాస్త తక్కువ. అట్ట గొట్టమో, మొదటినుంచి చివరిదాకా ఒకే లావు. ఒంపంతా మన్నుతోనే రావాలి. అందుకే కవి గొట్టాన్ని ముందు చెప్పి మన్నును తరవాత చెప్పాడు.

ఇక్కడ ‘మైద పూసి’ అని పాఠాంతరం. ఇది అవ్వ పాఠం. మొదటిసారి మైదా జిగురుతో కాగితాలు అంటించారని ఆమె సాక్ష్యం. ఛందస్సు చెడదు, యతీ కుదురుతుంది. కానీ తెల్లారేసరికి చీమలు పట్టాయి కాబట్టి గ్రాహ్యం కాదు.

‘గాలిదేవునూర’: పద్యానికి ప్రాణం ఇది. టీకాకారులు సాధారణంగా ఇక్కడ పంచభూత లింగాల పట్టిక రాసి పేజీ నింపుతారు. మన పని వేరే. బొమ్మ ఆరిన రోజు సాయంత్రం ఇంట్లో కేక: “ఫ్యాన్ ఆపు మా, లైట్‌హౌస్ పడిపోతాండాది!”

ఎందుకు పడింది? నూరేళ్లపైన అట్లాంటిక్ తుఫానులను ఆపిన ఒంపే కదా ఇదీ? ఇక్కడ శాస్త్రం చూడాలి. ఎత్తు 72 వంతులు తగ్గితే గాలి తగిలే ముఖం 72ని 72తో హెచ్చవేసినన్ని వంతులు, అంటే 5,184 వంతులు తగ్గుతుంది. బరువు మరోసారి 72తో హెచ్చవేసినన్ని, అంటే 3,73,248 వంతులు తగ్గుతుంది. టన్ను రాయి ఈ లెక్కన మూడు గ్రాములు కూడా తూగదు. బొమ్మను అచ్చంగా ఆ రాతితోనే చెక్కినా, అదే గాలికి అసలు స్తంభం కన్నా 72 రెట్లు తేలిగ్గా ఒరుగుతుంది. వీడిదేమో లోపల బోలు. స్మీటన్ నమ్ముకున్నవి రెండు, ఒంపూ బరువూ. ఒంపు బొమ్మలోకి వచ్చింది, బరువు దారిలో ఆవిరైంది. కొలతలు తగ్గించినంత మాత్రాన గాలి తగ్గదు. దాన్ని తగ్గించే స్కేలు పెన్సిల్ డబ్బాలో ఉండదు. వాడు గొట్టం నిండా స్వర్ణముఖి ఇసక పోసి కింద మూత బిగించాడు.

‘కదలని వెల్గు’: ఈ ఊరి గర్భగుడిలో గాలి చొరబడని చోట ఒక దీపం రెపరెపలాడుతూ ఉంటుంది. వాయువు ఉన్నాడనడానికి అదే గుర్తని భక్తుల నమ్మకం. నావికుడి భక్తి వేరు. వాడికి దీపం ఊగితే గుండె ఊగుతుంది. స్మీటన్ స్తంభంలో మొదట వెలిగినవి 24 కొవ్వొత్తులు. వాటిని గాలికి కాపాడింది చుట్టూ ఉన్న అద్దాల గది. వత్తులు కత్తిరిస్తూ కాపలాదారు రాత్రంతా మేలుకోవాల్సిందే. బొమ్మలో ఇరవై నాలుగింటి తరఫునా ఒక్క తెల్ల ఎల్‌ఈడీ కూర్చుంది. దానికి తొమ్మిది వోల్టులు నేరుగా ఇస్తే మాడిపోతుంది కనక మధ్యలో 330 ఓముల రెసిస్టర్ పెట్టాలి. కవి దీన్ని చెప్పలేదు. ఆటవెలదిలో పట్టక కాదు, ఆయనకు తెలియక.

‘వెల్గుకు’ అన్నది దోషమని, ‘వెల్గునకు’ అనాలని పక్కింటి పండితుడి ఆక్షేపణ. గణం మిగిలిపోతుందండీ, ఏం చేస్తాం.

తాత్పర్యం: సముద్రం చూడని కుర్రాడు సముద్రపు స్తంభం కట్టి, దాన్ని గాలికి నిలబెట్టడానికి తంటాలు పడ్డాడని భావం.

శేషం: ఎగ్జిబిషన్‌లో బొమ్మ కింద కలంకారీ బట్ట పరిచారు. ఎదురింటి అత్త సేతుబంధం గీస్తూ పాడైందని పక్కన పడేసిన ముక్క అది, మెలికల అలలూ మధ్యలో చేపలూ. జడ్జిగా వచ్చిన సారు ముందుకు వంగి చూసి, “అలలైతే ఉండాయి, దెబ్బ ఏదిరా?” అని అడిగారు.

“ఫ్యాన్ ఐదులో పెట్టండి సార్” అన్నాడు వాడు.

పెట్టారు. పక్క బల్ల మీది చార్టులు లేచిపోయాయి. స్తంభం నిలబడింది. ప్రథమ బహుమతి మాత్రం వంటసోడా అగ్నిపర్వతానికి ఇచ్చారు.