ఊదండి, ఇంకా ఊదండి

విశాఖ బీచ్ రోడ్డు మీద పొద్దున్నే బళ్ళు తిరగనివ్వరు. కాళీమాత గుడి నుంచి జలాంతర్గామి మ్యూజియం దాకా రోడ్డంతా నడిచేవాళ్ళదే. అక్కడ రోజూ ఎదురుపడే పెద్దమనుషులకి ఒకరి పేరొకరికి తెలియదు గానీ, ఒకరి షుగరొకరికి కంఠతా వచ్చు. "నూట ఎనభై గారు ఇవాళ రాలేదేటండీ?" అని ఒకరు అడిగితే, "కూతురింటికెళ్ళారు. అక్కడ స్వీట్లూ అవీ... రెండొందల ఇరవై అయి వస్తారు చూడండి" అంటారు ఇంకొకరు.

మా బావగారు ఈ బృందంలో సీనియరు. స్టీల్‌ప్లాంటులో క్రేన్ ఆపరేటరుగా రిటైరయ్యి, ఉక్కునగరం క్వార్టరు ఖాళీ చేసి ఎంవీపీ కాలనీకి వచ్చేశారు. ప్లాంటు వదిలినా మెడికల్ టెస్టుల సరదా వదల్లేదు. కరిగిన ఉక్కుతో నిండిన లేడిల్‌ని గాల్లో నడిపించే మనిషికి కింద ఊపే చెయ్యి కనబడకపోతే అది ఆయనొక్కడి గొడవ కాదు కాబట్టి, అక్షరాల బోర్డు చదివించాక రంగు చుక్కల పుస్తకం కూడా తెరిచేవారట. ఇషిహరా అనే జపాన్ డాక్టరు 1917లో అచ్చువేయించిన చుక్కలవి. చుక్కల గుంపులో వేరే రంగు చుక్కలతో అంకె దాక్కుని ఉంటుంది. "మొదటి పేజీ తిప్పీ తిప్పకముందే పన్నెండు అని చెప్పీసేవాణ్ణి" అంటారు బావగారు గర్వంగా. ఆ పన్నెండు రంగులు తెలియనివాళ్ళకి కూడా కనబడేలా పెట్టిన పేజీ అని నేనింతవరకూ ఆయనకి చెప్పలేదు. అక్క ఇంట్లో భోజనం చేసేవాణ్ణి మరి.

చెవుల టెస్టుకి చప్పుడు జొరబడని గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, కూత వినబడ్డప్పుడల్లా మీట నొక్కమంటారు. బావగారి రిపోర్టు నార్మల్ వచ్చింది. ఆ కాయితాన్ని అక్క లామినేషన్ చేయించి ఫ్రిజ్ మీద పెట్టింది. "కొత్తిమీర తెమ్మన్నది వినబళ్ళేదే" అని ఆయన అనడం ఆలస్యం, ఫ్రిజ్ వైపు చూస్తుంది.

అన్నిటికంటే ఆయనకి ఇష్టమైంది ఊపిరి టెస్టు. ముక్కుకి క్లిప్పు పెట్టి, గొట్టం నోట్లో పెట్టి, గుండెల నిండా గాలి పీల్చి ఒక్కసారిగా వదలమంటారు. అప్పుడు పక్కనున్న టెక్నీషియన్ "ఊదండి, ఊదండి, ఇంకా, ఇంకా, ఆపకండి" అని కబడ్డీ కోచ్‌లా కేకలేస్తాడు. జీవితంలో అంత ప్రోత్సాహం ఇంకెవ్వరూ ఇవ్వలేదంటారు బావగారు. జాన్ హచిన్సన్ అనే ఇంగ్లీషు డాక్టరు 1846లో ఈ పరికరం గురించి రాస్తూ, ఇది బీమా కంపెనీలకి పనికొస్తుందనుకున్నాడు. మనిషి ఊదినదాన్ని బట్టి ఎన్నాళ్ళుంటాడో లెక్కగట్టొచ్చని ఆశ. మన పాలసీ ఏజెంట్లు ఇంకా గొట్టం దాకా రాలేదు, చెక్కు ఊపిరే చూస్తున్నారు.

బావగారు సుతరామూ ఒప్పుకోని పరీక్ష ఒక్కటే, బీఎంఐ. బరువుని ఎత్తుతో రెండుసార్లు భాగించే ఈ లెక్క కెట్లే అనే బెల్జియం గణితజ్ఞుడిది, 1830ల నాటిది. ఆయన వైద్యుడు కాదు. సగటు మనిషి ఎలా ఉంటాడో తేల్చాలన్నది ఆయన సరదా. బావగారిది ఇరవయ్యారు. మన దేశపు కొలతలో ఇరవయ్యైదు దాటితే ఊబకాయం, తెల్లవాళ్ళకి ముప్పై దాకా మినహాయింపు. "అంటే లండన్లో దిగితే నేను కొంచెం బొద్దు, వైజాగ్‌లో దిగితే ఊబకాయమా? విమానంలో ఏటి తగ్గుతాదిరా?" అని ఆయన వాదన. జవాబు నా దగ్గరా లేదు.

మొన్న పండక్కి కొడుకు చేతి గడియారం పంపాడు. అది అడుగులు లెక్కపెడుతుంది, గుండె లెక్కపెడుతుంది, పడుకుంటే నిద్రకి మార్కులేస్తుంది. రోజుకి పదివేల అడుగులు వెయ్యమంటుంది. 1965లో జపాన్‌లో అడుగుల మీటరు అమ్ముకోడానికి పెట్టిన పేరులోని అంకె అది. ఆ సంగతి చెబితే, "వ్యాపారమైతేనేం, గుండ్రంగా ఉంది కదా" అన్నారు.

బీచ్‌లో కానిస్టేబుల్ ఈవెంట్లకి తయారయ్యే కుర్రాళ్ళు పరిగెడుతుంటారు. పదహారొందల మీటర్లు ఎనిమిది నిమిషాల్లో కొట్టాలి. గాలి నిండా పీలిస్తే ఛాతీ 86.3 సెంటీమీటర్లుండాలి, ఆ పీల్చడంలో కనీసం ఐదు పెరగాలి. వీరఘట్టం కోడి రామ్మూర్తి నాయుడు గారు గుండెకి చుట్టిన ఇనప గొలుసుని ఊపిరి బిగబట్టి తెంపేవారట, ఆయన్ని ఏ టేపుతో కొలిచేవారో గానీ, ఈ కుర్రాళ్ళలో ఒకడికి మాత్రం అర సెంటీమీటరు తక్కువొస్తోంది. రోజూ బావగారి ఛాతీ వంక ఆశగా చూస్తాడు.

"నా ఛాతీ నువ్వు పట్టుకుపో, నీ కాళ్ళు నాకియ్యి" అన్నారు బావగారు. అంతటితో ఊరుకోక, గడియారం తీసి వాడి మణికట్టుకి కట్టారు. వారం రోజులు వాడు దాంతోనే పరిగెత్తాడు. గడియారం ఊరుకుంటుందా? బావగారి శరీర వయసు ఇరవయ్యొకటి అని ప్రకటించి, తెర మీద రంగు కాయితాలు చల్లింది. ఆ ఫొటో ఇద్దరు కొడుకులకీ, పాత షిఫ్టు మిత్రుల గ్రూపుకీ వెళ్ళింది. పరిగెత్తిందెవరో తెలిసిన మనిషే, రెండో రోజుకి ఆ అంకె నిజమేనని నమ్మడం మొదలెట్టారు. మెట్లెక్కే పద్ధతే మారిపోయింది.

సరిగ్గా ఆ సాయంత్రమే గ్యాస్ కుర్రాడు నిండు సిలిండర్ గేటు దగ్గర దించి పోయాడు. మాది రెండో అంతస్తు, లిఫ్టు రిపేరు.

"ఏవండీ, ఇరవయ్యొక్కేళ్ళట కదా మీకు. ఆ సిలిండరు కాస్త పైకి తెస్తారా?" అంది అక్క.

బావగారు కుర్చీలోంచి కదల్లేదు.

"గడియారం ఛార్జింగ్‌లో ఉందే" అన్నారు.