బొరుగుల పొట్లం నుంచి ఇన్నోవా దాకా

జీతం కాక యజమాని ఉద్యోగికి కల్పించే ప్రతి సౌకర్యానికీ ఆదాయపు పన్ను చట్టం ఒక వెల కడుతుంది. ఆ సౌకర్యమే పెర్క్విజిట్. దాని వెలను జీతంలో కలిపి పన్ను లెక్క వేస్తారు. ఏది సౌకర్యమో 1961 చట్టంలోని 17(2) సెక్షన్ చెప్పింది, ఏది ఎంతో 1962 నిబంధనల్లోని మూడోది చెప్పింది. 2025-26 దాకా నడిచిన ఆ ధరల పట్టిక అందం చూడాలంటే దాన్ని తమిళనాడులో వేలూరు దగ్గరి తిరువలం వైపు ఫ్యాబ్రికేషన్ షెడ్డుకో, గుడియాత్తంలో లుంగీల కంపెనీకో తీసుకెళ్లాలి.

ముందు టీ. పనివేళల్లో ఇచ్చే టీకి, చిరుతిండికి పన్ను లేదు, పరిమితీ లేదు. భోజనానికి మాత్రం పూటకు 50 రూపాయల దాకానే మినహాయింపు ఉండేది. కాట్పాడి స్టేషను బయట ఆ డబ్బుకు సాపాటు దొరికే రోజులు ఎప్పుడో పోయాయి. నిబంధనలో మాత్రం 2025-26 దాకా ఆకు వేసే ఉంది. సాయంత్రం ఇచ్చే రెండు వడలు చిరుతిండి. అవే మధ్యాహ్నం సాంబారన్నం పక్కన చేరితే భోజనం. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు వండి వడ్డించిన అన్నానికి మినహాయింపు ఉండేది, భోజనం కూపనుకు ఉండేది కాదు.

తర్వాత ఆయుధపూజ. మగ్గానికీ వెల్డింగ్ మెషీనుకూ పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టి, మనిషికో బొరుగుల పొట్లం, కొత్త బట్టలు ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. ఏడాదికి అన్నీ కలిపి 5,000 రూపాయల లోపు వస్తువులైతే పన్ను ఉండేది కాదు. కవరులో నోట్లు పెట్టిస్తే మొదటి రూపాయి నుంచీ పన్నే. నిబంధన మాట "5,000 కంటే తక్కువ" కాబట్టి సరిగ్గా ఐదు వేల చీర గడప అవతలే ఆగిపోయేది. పన్ను శాఖ సర్క్యులర్ మాత్రం దయతలచి, పైనున్న దానికే పన్ను అనేది. ఈ రెండింటి మధ్య నలగడం ఇష్టంలేని ఆడిటర్ 4,999 చీర కొనమనేవాడు. జౌళి దుకాణాలకు ఆ అంకె కొత్త కాదు.

పాత విధానంలో ఉన్న ఉద్యోగికి పిల్లల చదువు భత్యంలో నెలకు, బిడ్డకు 100 రూపాయల మినహాయింపు ఉండేది, హాస్టలైతే 300. అదీ ఇద్దరికే. వేలూరు బళ్ల ఫీజులతో ఈ అంకెలకు పరిచయం లేదు.

అప్పు సంగతి ఇంకా సూక్ష్మం. వడ్డీ లేని అడ్వాన్సు మొత్తం 20,000 దాటితే, స్టేట్ బ్యాంకు వడ్డీ రేటు చొప్పున ఆదా అయిన వడ్డీ ఉద్యోగికి ఆదాయమయ్యేదట. కట్టని వడ్డీకి లెక్క కట్టడంలో చట్టానిది గొప్ప ఊహాశక్తి.

ఇంతా చేసి, 2025-26లో కొత్త విధానం ప్రకారం 12 లక్షల దాకా ఆదాయానికి రిబేటు ఉంది. 75,000 స్టాండర్డ్ డిడక్షన్ కలిపితే జీతగాడికి 12.75 లక్షల దాకా పన్ను పడదు. రాణిపేట బీహెచ్ఈఎల్‌కు పని చేసిపెట్టే షెడ్లలో వెల్డరు అంత సంపాదించాలంటే రెండు జన్మలు ఓవర్‌టైమ్ చేయాలి. అంటే అతని వడకు వెల కట్టినా పైసా రాదు. అయినా కొన్ని సౌకర్యాల విషయంలో ఏడాదికి 50,000 దాటి జీతం తీసుకునే ఎవరినైనా చట్టం డైరెక్టరు వరసలోనే కూర్చోబెట్టింది. 2025 ఆగస్టులో గానీ ఆ హద్దు 4 లక్షలకు పెరగలేదు.

పట్టిక అసలు ఉపయోగం డైరెక్టరుకే. చిన్న ప్రైవేట్ లిమిటెడ్‌లో డైరెక్టర్లంటే ఓనరు, ఆయన భార్య, చదువు ముగించిన కొడుకు. ఆఫీసు పనికీ సొంత పనికీ కలిపి వాడే కంపెనీ కారుకు 1.6 లీటర్ల ఇంజను దాకా నెలకు 1,800, అంతకు మించితే 2,400, డ్రైవరుకు 900 వెల కట్టేవారు. డీజిలు, మరమ్మతులు, తరుగుదల కంపెనీ ఖర్చులో పోతాయి. డ్రైవరుతో సహా 3,300కు నెలంతా ఇన్నోవా తిప్పే ట్రావెల్స్ తమిళనాడులో లేదు. అదీ ఆదాయంలో కలిసే విలువే, కట్టే పన్ను అందులో ఒక వాటా. సొంత పేరుతో వ్యాపారం చేసేవాడికి ఈ భాగ్యం లేదు. తనకు తానే ఉద్యోగి కాలేడు కాబట్టి బోర్డు మీద "ప్రైవేట్ లిమిటెడ్" రాయించుకోవాలి.

2005లో ఆర్థిక మంత్రి చిదంబరం ఈ తలనొప్పిని ఉద్యోగి నెత్తి నుంచి కంపెనీ నెత్తికి మార్చి ఫ్రింజ్ బెనిఫిట్ ట్యాక్స్ తెచ్చారు. 2009లో ఆ పదవిలో ఉన్న ప్రణబ్ ముఖర్జీ దాన్ని ఎత్తేయడంతో తలనొప్పి మళ్లీ పాత నెత్తికే చేరింది.

సౌకర్యాల వివరమంతా ఫారం 12బీఏలో రాయాల్సి వచ్చేది. కంపెనీ అకౌంటెంటు ఫోర్‌మన్ పేరిట వరసగా సున్నాలు కొట్టేవాడు. ఓనరు పేరిట కారు గడిలో 39,600.