కౌంటర్లోనే వెయ్యి

'ఓజీ' విడుదలైన వారంలో, 2025 సెప్టెంబరు చివర, ఆత్మకూరు బస్టాండులో ఉదయగిరి బస్సు కోసం కూర్చున్నాం. టీ బంకు చుట్టూ ఒకటే మాట. బెనిఫిట్ షో టికెట్ వెయ్యికి అమ్ముకోవచ్చని ప్రభుత్వమే అనుమతి ఇచ్చింది. 'పుష్ప 2'కు 800 ఇచ్చినప్పుడే నోరెళ్లబెట్టిన జనం!

"హీరోలు కోట్లకు కోట్లు తీసుకుంటుంటే పెరగదా?" అన్నాడొక పెద్దాయన.

"వాళ్లనేం లాభం? జీవో ఇచ్చినోళ్లననాల" అన్నాడు బంకాయన.

ఒకప్పుడు సినిమాహాల్లో పనిచేసిన మనిషి కల్పించుకున్నాడు. పెంచిన దాంట్లో హాలుకు మిగిలేది తక్కువేనట. ముందే డబ్బు కట్టి సినిమా కొన్న డిస్ట్రిబ్యూటరు మొదటి మూడు రోజుల్లోనే రాబట్టుకోవాలని చూస్తాడట.

బ్యాగు ఒళ్లో పెట్టుకున్న ఓ కాలేజీ అమ్మాయి, ముంబయిలో కోల్డ్‌ప్లే కచేరీ టికెట్లు అమ్మకానికి పెట్టిన కాసేపటికే అయిపోయి, బయట లక్షల్లో పలికాయని చెప్పబోయింది.

"ఆ ముంబయి గోల మనకెందుకులే పాపా" అని ఆపేశాడు ముప్పయ్యేళ్ల కుర్రాడొకడు. అందరికంటే మండిపోతున్నది అతనే. చేతిలో టీ చల్లారిపోతున్నా పట్టించుకోలేదు. "కూలికి పొయ్యేటోడు వెయ్యి యాడ తెస్తాడన్నా? మాలాంటోళ్ల పొట్ట కొట్టడం కాదా ఇది?"

ఆ మాట నాకు సూటిగా తగిలింది. వానలు మొహం చాటేస్తే ఊళ్లు వదిలి వలసపోయే మెట్ట ప్రాంతం మాది. ఇక్కడ కొత్త సినిమా అంటే పండగే. ఆ పండగను కూలోడికి అందకుండా చేయడం అన్యాయం, ఎవరు చేసినా సరే.

ఆ కుర్రాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని 2021 ఏప్రిల్లో టికెట్ ధరల మీద వచ్చిన జీవో 35 గుర్తుచేశాను. ఉదయగిరి లాంటి పంచాయతీల్లో ఏసీ లేని హాలుకు 5, 10, 15 రూపాయలే పెట్టారు. పేదోడి కోసమన్నారు. అంత తక్కువైతే కరెంటు బిల్లు కూడా రాదని హాళ్లవాళ్లు మొత్తుకున్నారు. కొన్నిచోట్ల తలుపులే మూసేశారు.

"అప్పుడు నీకు బాగుండేది కదా అబ్బయా" అన్నాను.

అతని మొహం వెలిగిపోయింది. "బ్రహ్మాండంగా ఉండేదన్నా! 'అఖండ' వచ్చినప్పుడైతే చెప్పబళ్లేదు."

"పదిహేను రూపాయలకే చూశావా?"

"చూసేదానికి తీరిక యాడిదన్నా! కౌంటరు తెరవకముందే లోపల్నించి టికెట్ల బుక్కుకు బుక్కే తెచ్చుకునేవాణ్ణి. గేటు బయట ఒక్కోటి మూడొందలు. ఎగబడి కొనేటోళ్లు. ఇప్పుడు కౌంటర్లోనే వెయ్యి పెడితే నా దగ్గరెవడు కొంటాడు, నువ్వే చెప్పు!"