దుర్భిణీ ప్రతిష్ఠ: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

అవతారిక

జటప్రోలు సంస్థానాన్ని ఏలిన సురభి వారికి కొల్లాపురం రాజధాని. ఆ వంశంవాడైన సురభి మాధవరాయలు ‘చంద్రికాపరిణయము’ అనే ప్రబంధం రాశాడు. అది ఎంత గట్టి పాకమంటే, తరవాతి కాలంలో వెల్లాల సదాశివశాస్త్రి, అవధానం శేషశాస్త్రి కలిసి కూర్చుని దానికి వ్యాఖ్య రాయవలసి వచ్చింది. వ్యాఖ్య తోడు లేనిదే పద్యం గడప దాటని ఊరు మరి. అట్టి కొల్లాపురంలో ఒక గృహస్థు తన ఇంట్లో వేధశాల కట్టుకుని, అందులో కొత్తగా ఒక పెద్ద దుర్భిణిని ప్రతిష్ఠించదలచాడు. ఆ ప్రయత్నంలో ఆయాసపడుతూ ఒక పద్యం చెప్పాడు. సీసం చెప్పేంత ఊపిరి మిగలనందున ఆటవెలదితో సరిపెట్టాడు. చూడటానికి తేలికగా ఉన్నా ఇందులో శిల్పశాస్త్రం, వాస్తు, ఖగోళం, చరిత్ర ఇమిడి ఉన్నాయి కనుక బాలబోధకై ఈ వ్యాఖ్య.

మూలం

పెట్టె దిగియె నింటఁ బెద్దదుర్భిణితోడ
మేడ యెక్కు మనఁగ మెట్లు మూల్గె
నింగిఁ జూడ ముందు నేలఁ దవ్వఁగవలె
మబ్బు తొలఁగుదనుక మౌన మేలు

ప్రతిపదార్థం

పెద్దదుర్భిణితోడన్ = పద్నాలుగు అంగుళాల అద్దమూ దాదాపు ఆరడుగుల గొట్టమూ కల టెలిస్కోపుతో; పెట్టె = ‘ఇటు పైకి’ అని బాణం వేసిన వైపు కిందికి వచ్చేట్టు తెచ్చిన అట్టపెట్టె; ఇంటన్ = ధర ఎంతని ఇంకా ఎవరూ అడగని ఇంట్లో; దిగియెన్ = ట్రాలీ ఆటోలో నుంచి నలుగురు పట్టగా దిగింది; మేడన్ ఎక్కుము అనఁగన్ = “జర పైకెక్కియ్యుండ్రి” అని యజమాని కింద నిలబడి పలకగా; మెట్లు = ఇంటి పక్కనున్న ఇనుప మెట్లు; మూల్గెన్ = మూలిగాయి; నింగిన్ = ఆకాశాన్ని; చూడన్ = చూడటానికి; ముందు = మొదట; నేలన్ = పెరటి భూమిని; తవ్వఁగవలెన్ = గట్టి పొర తగిలేదాకా తవ్వాలి; మబ్బు = మేఘం; తొలఁగుదనుక = పోయేవరకు; మౌనము = “ఏమన్న కనబడ్డదా?” అని ఫోను చేసే చుట్టాలకు జవాబియ్యకపోవటం; మేలు = ఉత్తమం.

తాత్పర్యం

ఒక పెద్ద టెలిస్కోపు ఇంటికి వచ్చింది. మేడ మీద పెడదామంటే కుదరలేదు. పెరట్లో పునాది తీయవలసి వచ్చింది. అంతా అయ్యేసరికి మబ్బు పట్టింది.

ప్రథమ పాద వ్యాఖ్య

‘పెద్ద’ అన్న విశేషణం ఇక్కడ పాదపూరణం కాదు. చీకటికి అలవాటు పడిన మనిషి కంటిపాప సుమారు ఏడు మిల్లీమీటర్లు విచ్చుకుంటుంది. పద్నాలుగు అంగుళాలంటే 355 మిల్లీమీటర్లు. వైశాల్యం లెక్కన ఈ అద్దం కంటికన్నా దాదాపు 2,500 రెట్లు ఎక్కువ వెలుతురు పోగుచేస్తుంది. పెద్దతనమంటే ఇదే.

*శంక:* “గిది ఎన్ని రెట్లు పెద్దగ చూపెడ్తది సారూ?” అని వాకిట్లోకి వచ్చిన ప్రతివారూ అడిగారు గదా?

*సమాధానం:* ఎన్ని రెట్లన్నది కన్ను ఆనించే చోట బిగించే ఐపీసును బట్టి మారుతుంది. అద్దం చేసేది వెలుతురు పట్టటం, దగ్గర దగ్గరగా ఉన్నవాటిని విడదీయటం. అందుచేత “చంద్రుని మీద జెండా కనబడ్తదా?” అన్న రెండో ప్రశ్నకూ ఇక్కడే జవాబుంది. గాలి ఎంత నిలకడగా ఉన్నా, ఈ అద్దంలో చంద్రుడి మీద సుమారు అర కిలోమీటరుకన్నా చిన్న గుంత తేలదు. జెండా మాట ఎత్తనే వద్దు.

ఇది న్యూటను పద్ధతి దుర్భిణి. అద్దం గొట్టం అడుగున ఉంటుంది. కన్ను పెట్టే చోటు పై కొసకు దగ్గరగా, పక్కన ఉంటుంది. అందుకే చూడవచ్చిన పెద్దమనుషులు కింది కొస దగ్గర వంగి వెతికారు. దీన్ని బోరు పైపు అనుకున్నవారు, ఏ కొస దగ్గరా వంగకుండా, ఎన్ని అడుగుల్లో నీళ్లు పడ్డాయని అడిగి వెళ్లిపోయారు.

ద్వితీయ పాద వ్యాఖ్య

మూలిగింది మోసినవారైతే మెట్లు మూలిగాయనడం ఏమిటి? అచేతనం మీద చేతన ధర్మాన్ని ఆరోపించాడు గనుక సమాసోక్తి అని కొందరు. ఇనుప మెట్లు నిజంగానే మూలిగాయి గనుక స్వభావోక్తి అని ప్రత్యక్షసాక్షులు. రెండో పక్షమే బలమైనది.

ఇక్కడ ఒక సూక్ష్మం గమనించాలి. ‘ఎక్కుమనఁగ’ అన్నాడే గాని ఎక్కిందని కవి ఎక్కడా అనలేదు. మూడో పాదంలో నేల తవ్వుతున్నాడు కనుక, పెట్టె సగం మెట్ల నుంచి వెనక్కి దిగిందని ఊహించాలి. దీనికి మెట్లు ఒక్కటే కారణం కాదు. మేడ మీద ఇద్దరు నడిస్తే స్లాబు కదులుతుంది. ఆ కదలిక కంటికి తెలియదు. రెండు వందల రెట్లు పెంచి చూసే ఐపీసులో రెండు వందల రెట్లు తెలుస్తుంది. శనిగ్రహం దాని వలయాలతో సహా గంతులు వేస్తుంది. మరొక దోషం వేడిమి. ఎండాకాలం ఈ ప్రాంతంలో పగటి వేడి నలభై డిగ్రీలు దాటుతుంది. కాంక్రీటు ఆ వేడిని దాచుకుని అర్ధరాత్రిదాకా వదులుతూనే ఉంటుంది. ఆ సెగకు గాలి అలలు అలలుగా లేచి నక్షత్రం చెదురుతుంది. గడ్డి మొలిచిన పెరటి నేల అంతకన్నా త్వరగా చల్లారుతుంది. అద్దం కూడా బయటి గాలితో సమానంగా చల్లబడితే తప్ప బొమ్మ నిలవదు. కనుక వేధశాల కప్పు సాయంత్రమే తెరిచిపెట్టాలి.

తృతీయ పాద వ్యాఖ్య

పద్యానికి ఇది ఆయువుపట్టు. ఛందస్సు దృష్ట్యా చూసినా ‘నింగి’కి ‘నేల’ యతిస్థానంలో పడింది. నింగికీ నేలకూ మైత్రి కుదర్చటం కవి పాదంలో రెండక్షరాలతో చేశాడు. పెరట్లో అదే పనికి కంకర, ఇసుక, సిమెంటు, మేస్త్రీ, ఇద్దరు కూలీలు కావలసి వచ్చారు.

తవ్వటం ఎందుకు? దుర్భిణి నిలిచే దిమ్మె ఇంటి గచ్చుకు తగలకూడదు. దాని పునాది వేరు, చుట్టూ తిరిగేవారి కాళ్ల కింది గచ్చు వేరు, రెంటి మధ్య చుట్టూతా సందు ఉండాలి. అప్పుడే నడిచేవారి అదురు దిమ్మెకు ఎక్కదు. నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిస్తుంది. అక్కడ దిమ్మె వేస్తే ఏడాది తిరిగేలోపు ఒరుగుతుంది. ఎర్రచెలకలో కొంత తవ్వితే గట్టి మొరం తగులుతుంది. అదృష్టవశాత్తు కవి పెరడు చెలక.

*శంక:* దిమ్మె నిలబెట్టి గొట్టం బిగిస్తే చాలదా?

*సమాధానం:* చాలదు. భూమి గంటకు పదిహేను డిగ్రీలు తిరుగుతుంది. ఐపీసులో పావు డిగ్రీ మేర ఆకాశం కనబడుతుందనుకుంటే, నడినెత్తిన ఉన్న నక్షత్రం నిమిషంలో దాటిపోతుంది. దాని వెంట గొట్టం కూడా తిరగాలంటే, తిరిగే ఇరుసు భూమి ఇరుసుకు సమాంతరంగా ఉండాలి. కొల్లాపురం అక్షాంశం సుమారు 16 డిగ్రీలు. అంటే ఆ ఇరుసు నేలకు 16 డిగ్రీలే లేచి, దాదాపు పడుకున్నట్టుంటుంది. చలిదేశాల వారు తమ యాభై డిగ్రీల ఆకాశాన్ని మనసులో పెట్టుకుని చేసిన, గొట్టాన్ని మోసి తిప్పే మౌంట్లు కొన్ని ఇంత వంగవు. వంచితే ఎదురుబరువు కడ్డీ మూడుకాళ్ల పీఠానికి కొట్టుకుంటుంది. కవి మూడుకాళ్లను వదిలి దిమ్మె పోయించటానికి ఇదొక హేతువు. ఇరుసును ధ్రువుడి వైపు గురిపెట్టాలి. అయితే ధ్రువనక్షత్రం కూడా అసలు ధ్రువం మీద లేదు, అర డిగ్రీకి పైగా పక్కకుంది. ధ్రువుడు కదలడన్నది పురాణంలో నిజం. మౌంటు బిగించేటప్పుడు ఆ కాస్త కదలికనూ లెక్క కట్టాలి.

*ఇక్కడ వాస్తువాదులు అడ్డు తగులుతారు:* “నైరుతి బరువుండాలె. దక్షిణం గోడ ఉత్తరం గోడకన్న ఎత్తుండాలె. మీరు దక్షిణం గోడ కూలగొడ్తమంటరేంది?”

*సిద్ధాంతం:* మొదటి షరతు శిరోధార్యం. మూడడుగుల లోతు కాంక్రీటుకన్నా బరువు నైరుతికి ఎవరు పెట్టగలరు? దిమ్మె అక్కడే పోశారు. రెండోదాని దగ్గరే పేచీ. కొల్లాపురానికి దక్షిణాన కృష్ణ, ఆవల నల్లమల. ఊరి దీపాలు తగ్గి చీకటి చిక్కగా దొరికేది ఆ దిక్కునే. అగస్త్య నక్షత్రం ఇక్కడ ఎంత పైకొచ్చినా సుమారు 21 డిగ్రీలే లేస్తుంది. లక్షల నక్షత్రాల ముద్ద అయిన ఒమెగా సెంటారీ 26 డిగ్రీలు. మామిడి కోతల నాటి ఏప్రిల్, మే రాత్రుల్లో కనబడే దక్షిణ శిలువ 17 డిగ్రీలు దాటదు. లండనులో ఉన్నవాడికి ఈ మూడూ క్షితిజం మీదికే రావు. దొరికినవాడు గోడ కట్టుకుని మూసుకుంటే అది అపచారం. చివరకు గోడ పై సగాన్ని మడతబందుల మీద కిందికి వాలే రేకుగా మార్చి రాజీ కుదిర్చారు. పగలు లేపితే వాస్తు, రాత్రి దింపితే ఖగోళం. పై కప్పు కూడా గేటు చక్రాల మీద పట్టాల వెంబడి పక్కకు జరిగే రేకులదే. గుమ్మటం అందమే గాని, ఆ గుండ్రనాన్ని వంచే వెల్డరు దొరకలేదు.

చతుర్థ పాద వ్యాఖ్య

వాచ్యార్థం స్పష్టం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానాకాలం. కొత్త దుర్భిణి వచ్చిన ఇంటికి మబ్బు వెంటే వస్తుందని ఖగోళాభిమానుల్లో ఒక నమ్మకం. ‘మబ్బు తొలఁగుదనుక మందు మేలు’ అని ఒక పాఠాంతరం స్నేహితుల ద్వారా ప్రచారంలోకి వచ్చింది. గణాలూ యతీ చెడకపోయినా అది ప్రక్షిప్తమే. దిమ్మె ఎంత నిక్కచ్చిగా నిలిచినా ఆ పాఠం వల్ల చూసేవాడు నిలవడు.

ఇక ధ్వని. మబ్బంటే ఆకాశంలోది మాత్రమే కాదు. పెట్టె దిగటానికీ, ఒక కన్ను దానికి స్థిరంగా ఆనటానికీ నడుమ పట్టే కాలాన్ని కవి మబ్బు అన్నాడని మా మతం. దీనికి ఇతిహాసం నుంచి రెండు ప్రమాణాలు.

హైదరాబాదులో నవాబు జఫర్ జంగ్ ఇంగ్లండులో చదివి వచ్చినవాడు. 1901లో ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో సొంత వేధశాల పెట్టాడు. నిజాం పేరు మీద అది నిజామియా అయింది. గ్రబ్ కంపెనీ చేసిన 15 అంగుళాల దుర్భిణిని తెప్పించాడు. 1907లో నవాబు కన్నుమూశాడు. మరుసటి ఏడు ప్రభుత్వం వేధశాలను చేపట్టింది, పిమ్మట అది బేగంపేటకు మారింది. అక్కడ 8 అంగుళాల కుక్ యంత్రంతో నక్షత్రాల ఫోటోలు తీసి పట్టికలు కట్టే గొప్ప పని సాగింది. ఆ 15 అంగుళాల గ్రబ్ మాత్రం 1922లో గాని నిలబడలేదు. తెప్పించినవాడు దానిలోంచి చూడనే లేదు. ఇరవై ఏళ్ల మబ్బు!

రెండోది విశాఖపట్నం. గోడే వెంకట జగ్గారావు 1840లో తన ఇంట వేధశాల కట్టాడు. 1856లో, నలభై నిండకముందే పోయాడు. ఇక్కడ మబ్బు పట్టలేదు. అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు అందిపుచ్చుకుని, 6 అంగుళాల దుర్భిణిని చేర్చి, 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటటాన్ని పరిశీలించి లోకానికి తెలిపాడు. మామ పోసిన దిమ్మె మీద అల్లుడి కన్ను ఆనింది.

*శంక:* అట్లైతే నవాబు ధనం వ్యర్థమేనా?

*సమాధానం:* కాదు. నిజామియాలో సహాయకుడిగా పనిచేసిన ఒక ఉద్యోగి కొడుకు ఆ యంత్రాల నడుమ పెరిగాడు. నిజాం కాలేజీలో చదివాడు. 1949లో అమెరికాలో ఉండగా ఒక తోకచుక్కను కనిపెడితే దానికి అతని పేరు కూడా కలిపారు. అతడే వేణు బాప్పు. తమిళనాడులోని కావలూరులో 2.3 మీటర్ల దుర్భిణి ఇప్పుడు అతని పేరనే ఉంది. ఊరి దీపాలు పెరిగి బేగంపేట ఆకాశం చెడ్డాక, ఉస్మానియా విశ్వవిద్యాలయం వారు 1968లో రంగాపూర్ దగ్గర 48 అంగుళాల దుర్భిణితో వేరే వేధశాల పెట్టారు. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణం అక్కడ కనబడింది. నవాబు తాను చూడలేదు గాని, అతడు మొదలుపెట్టిన చోట చూసేవారు పుట్టారు. ఇంటి వేధశాలకు ఇంతకన్నా సిద్ధి లేదు.

కనుక నాలుగు పాదాల అన్వయం ఇది: మొదటి మూడు పాదాలూ దుర్భిణికి పీఠం వేయటం గురించి, నాలుగోది అందులో చూడవలసిన మనిషి గురించి. కొన్నవాడే ఆ మనిషి కానక్కరలేదు.

ఫలశ్రుతి

మబ్బు పట్టిన రాత్రి ఈ పద్యాన్ని ముమ్మారు పఠిస్తే మబ్బు తొలగదు. ఒకసారి అర్థం తెలిసి చదివినవారు మాత్రం మేడ మెట్ల జోలికి పోరు, చెలకలో తవ్వుతారు, దక్షిణం తెరుస్తారు. ఇంకొక లోపం కూడా దిద్దుకుంటారు. ఆ న్యూటను గొట్టానికి కన్ను పెట్టే చోటు ఐదడుగుల పైన ఉంది. వాడకట్టు పిల్లలకు అందదు. అందుచేత దుర్భిణీ ప్రతిష్ఠకు కావలసిన సామగ్రి పట్టికలో సిమెంటు, కంకర, ఎదురుబరువుల సరసన ఒక ఎత్తు పీటను చేర్చాలి. ఇది వ్యాఖ్యాత కల్పితం కాదు, పద్య హృదయం.