నంబర్ వన్ పక్కన చుక్క

మా అక్క కొడుక్కి ఎంసెట్‌లో ముప్పై ఎనిమిది వేల చిల్లర ర్యాంకు వచ్చింది. 2021 నుంచి దాన్ని ఈఏపీసెట్ అంటున్నారు కానీ మా ఇంట్లో ఎవరికీ ఇంకా నోరు తిరగలేదు. వాడు ర్యాంకు చూసుకుని దిగులు పడేలోపే మా బావగారి ఫోను మోగింది. ‘‘కంగ్రాట్స్ సార్! బాబుది మంచి ర్యాంకు.’’ ఏదో ఇంజినీరింగ్ కాలేజీ పీఆర్వో. నంబరు ఎవరిచ్చారంటే చెప్పడు. పొద్దుగూకేలోపు అలాంటి ఫోన్లు పదకొండు. పదకొండు మందీ చెప్పింది ఒకటే: రాష్ట్రంలో మాదే నంబర్ వన్.

ఆదివారం నేను ఏలూరు వెళ్లేసరికి టీపాయ్ నిండా బ్రోచర్లు. ఏది తిప్పినా పచ్చటి లాన్, దాని మీద ల్యాప్‌టాప్ పట్టుకుని పకపకా నవ్వుతున్న నలుగురు పిల్లలు. ఆ నలుగురే మరో రెండు బ్రోచర్లలోనూ నవ్వుతున్నారు. పాపం, మూడు కాలేజీల ఫీజులు ఎలా కడుతున్నారో!

ప్రతి ‘నంబర్ వన్’ పక్కనా ఒక చుక్క ఉంది. ఆ చుక్క పట్టుకుని కిందికి దిగితే చీమ తలకాయంత అక్షరాలు. అక్క కళ్లజోడు అడిగి పెట్టుకున్నాను. ఒకరు ‘జిల్లాలోని అటానమస్ ప్రైవేటు కాలేజీల్లో’ నంబర్ వన్. ఇంకొకరు అంతకన్నా ముందుకెళ్లి ‘జాతీయ రహదారిని ఆనుకుని ఉన్నవాటిలో’ అన్నారు. విశేషణాలు చేర్చుకుంటూ పోతే పోటీదార్లు ఒక్కొక్కరే రాలిపోతారు, బరిలో మనమే మిగులుతాం. ఆ లెక్కన మా వీధిలో ఉత్తర గుమ్మం ఉన్న మేడలో అద్దెకుంటూ కాలమ్ రాసేవాళ్లలో నేనూ నంబర్ వన్నే.

కేంద్రానికీ ఒక లెక్కుంది. ఎన్ఐఆర్ఎఫ్ అని, 2016 నుంచి జాబితాలు ఇస్తోంది. ఇంజినీరింగ్ జాబితాలో చదువు చెప్పే వనరులకు 30, పరిశోధనకు 30, చదివి బయటపడినవాళ్ల ఫలితాలకు 20, అన్ని వర్గాలకూ చోటిచ్చినందుకు 10. మిగతా పదీ ‘పర్సెప్షన్’కి, అంటే నలుగురూ ఏమనుకుంటున్నారన్నదానికి. ఇది విని మా అక్క నొచ్చుకుంది. ‘‘నలుగురూ ఏమనుకుంటారో అని యాభై ఏళ్లుగా చస్తున్నాను కదరా, నాకు ఒక్క మార్కూ ఎవరూ వెయ్యలేదే!’’

ఈ మార్కులకు కావలసిన వివరాలు చాలావరకు కాలేజీలే నింపి పంపుతాయి. పదిహేను మంది పిల్లలకు ఒక మాస్టారు ఉంటే ఆ పద్దులో నిండు మార్కులు. కాగితం మీద మాస్టార్లకు కొదవేముంది? నాకు తెలిసిన ఒక లెక్చరర్ ఒరిజినల్ సర్టిఫికెట్లు మూడేళ్లుగా ఒక కాలేజీ బీరువాలో ఉద్యోగం చేస్తున్నాయి. ఆయన ఇంటి దగ్గర ట్యూషన్లు చెప్పుకుంటున్నాడు. ఇక కాలేజీలను తనిఖీ చేసి ఇచ్చే న్యాక్ గ్రేడు. ‘ఎ’ పక్కన ప్లస్సులు పెడతారు. ప్లస్ అంటే కూడిక అని ఒకటో తరగతిలోనే చెప్పారు గానీ, 2025 ఫిబ్రవరిలో లంచం కేసులో తనిఖీ బృందంవాళ్లనే సీబీఐ అరెస్టు చేశాక గానీ ఏం కూడుతున్నారో నాకు తట్టలేదు.

బందరులో నోబుల్ కాలేజీ 1843లో పెట్టారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926 నాటిది. కట్టమంచి మొదటి ఉపాధ్యక్షుడు, ఆయన తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నది సర్వేపల్లి. వీళ్లెవరి దగ్గర్నుంచీ బావగారికి ఫోను రాలేదు. చేయడానికి మనుషులుండొద్దూ? 2023లో రాష్ట్ర విశ్వవిద్యాలయాల కోసం ఒక్కసారే 3,220 బోధన పోస్టులకు నోటిఫికేషన్లు ఇవ్వాల్సి వచ్చింది. క్లాసు రూముల్లో కుర్చీలు ఎంత విశ్రాంతిగా ఉన్నాయో ఊహించుకోండి.

వెబ్ ఆప్షన్లకు చివరి రోజు. పన్నెండో పీఆర్వో ఏకంగా ఇంటికే వచ్చాడు. పాతికేళ్ల కుర్రాడు, మెడలో ట్యాగు, చంకలో ఫైలు. అక్క ఇచ్చిన మంచినీళ్లు గటగటా తాగి మొదలుపెట్టాడు. ఏసీ హాస్టలు, ఈత కొలను, గుజరాత్ నుంచి తెప్పించిన వంటవాడు.

‘‘అది సరే బాబూ, పాఠాలు ఎవరు చెప్తారు?’’ అన్నారు బావగారు.

కుర్రాడు ఫైలు అటూ ఇటూ తిప్పాడు. ‘‘బస్సు మీ గుమ్మం ముందుకే వస్తుంది సార్.’’

మా మేనల్లుడు అప్పటిదాకా ఫోన్లోంచి తలెత్తలేదు. ‘‘ప్లేస్‌మెంట్లు ఎంత అన్నా?’’ అన్నాడు.

‘‘హండ్రెడ్ పర్సెంట్!’’ ఈసారి ఫైలు చూడాల్సిన పని పడలేదు.

జాలేసి నేను అడిగాను, ‘‘నువ్వేం చదివావయ్యా?’’

‘‘ఈసీఈ సార్. మా కాలేజీలోనే.’’ ట్యాగు సర్దుకున్నాడు. ‘‘ప్లేస్‌మెంటు కూడా అక్కడే వచ్చింది.’’