బొటనవేలు

మా వీధిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. పిల్లా పెద్దా అందరికీ పంజా బాబాయే. గుంటూరు మిర్చి యార్డులో 35 ఏళ్లు హమాలీగా చేశాడు. 40 కిలోలు దాటే మిర్చి గోతాన్ని, అదే టిక్కీని, మరో మనిషితో కలిసి చెరోవైపు మూలలు పట్టి లారీ మీదికి ఎగరేసేవాడు. పొద్దుటినుంచీ అదే పని. సాయంత్రం టీ బంకు దగ్గర బోర్లించిన చెక్కపెట్టె మీద మోచెయ్యి ఆనించి కూర్చునేవాడు. పంజా పట్టడానికి రమ్మని ఎవర్నీ పిలిచేవాడు కాదు. వచ్చేవాళ్లే వచ్చేవారు. ఆ చేతిని పడగొట్టినవాణ్ని నేనైతే చూడలేదు.

తిరునాళ్లలో ఎడ్ల బండలాగుడు చూసి వచ్చే జనం ఆయన పంజా దగ్గర కూడా ఆగేవారు. లారీ క్లీనర్లు, ఎద్దుల్ని ఒంటిచేత్తో నిలబెట్టే రైతులు, నరసరావుపేట నుంచి పనిగట్టుకుని వచ్చిన ఒక కండల మనిషి. అందరి చేతులూ పెట్టెకి ఆనాయి. ఆ గెలుపులకి గుర్తుగా ఇంట్లో ఒక ఇత్తడి బిందె, ఆగిపోయిన గోడ గడియారం, మడత విప్పని శాలువా ఒకటి ఉండేవి. నూటపదహార్లు చేతిలో పెట్టినవాళ్లూ ఉన్నారు. అవి ఏ రోజుకారోజు సరుకుల కొట్టుకి వెళ్లిపోయేవని పిన్ని చెప్పేది.

2023 జులై నెలాఖర్న ఢిల్లీలో ప్రొ పంజా లీగ్ మొదటి సీజన్ మొదలైంది. ఆరు జట్లు. అందులో మనది కిరాక్ హైదరాబాద్. ఆడవాళ్లకీ, దివ్యాంగులకీ కూడా పోటీలు పెట్టారు. ఆ రోజుల్లోనే నేను ఊరెళ్లాను. ఒక రాత్రి బాబాయ్ అరుగు మీద కూర్చుని నా ఫోన్లో ఆయనకి ఆట చూపించాను. పిన్ని పోయి అప్పటికి ఏడాది. ఇంట్లో ఆయనొక్కడే.

అంత చిన్న తెర మీద కూడా ఆయన ఆటగాళ్ల కండలు చూడలేదు. చేతుల్నే చూశాడు. బల్ల మీద మోచెయ్యికి ఒక మెత్త, చెయ్యి పడాల్సిన చోట రెండు పక్కలా రెండు మెత్తలు, ఖాళీ చేత్తో పట్టుకోవడానికి ఒక గూటం. మోచెయ్యి మెత్త మీంచి లేస్తే తప్పు. రిఫరీ ఇద్దరి బొటనవేళ్ల కణుపులూ బయటికి కనిపించేదాకా పట్టు సరిచేస్తున్నాడు.

“అదీ! ఆయనకి తెలుసబ్బాయ్,” అన్నాడు బాబాయ్. “పంజా అంటే బొటనవేలే. అది సడలితే మణికట్టు పోద్ది. మణికట్టు పోయాక భుజం ఎంతుంటే ఏంది?”

ఎదుటివాడి వేళ్ల మీదికి పాకి, చేతిని తనవైపుకి లాక్కుంటూ వాడి పట్టు విప్పేయడం ఒక పద్ధతి. వ్యాఖ్యాత దాన్ని టాప్‌రోల్ అంటున్నాడు. మణికట్టుని లోపలికి మడిచి, కొక్కెంలా తగిలించి లాగేది హుక్. బాబాయ్ ఈ మాటలు ఎన్నడూ వినలేదు. ఆయన లెక్కలో ఒకటి ‘తెరవడం’, ఇంకోటి ‘తగిలించడం’. ఎప్పుడు ఏది చెయ్యాలో ఎదుటివాడి చెయ్యి పట్టుకోగానే తెలిసిపోద్దన్నాడు. ఈ విద్య ఆయనకి నేర్పినవాళ్లు ఎవరూ లేరు. గోతాలు నేర్పాయి.

“ఏదీ, చెయ్యివ్వు,” అన్నాడు.

పట్టుకున్నాను. కాయలు కాసి గరుగ్గా ఉంటుందనుకున్న చెయ్యి వాగులో రాయిలా నున్నగా ఉంది. వేళ్ల చివర్లయితే మరీను. ఆయన ఊరికే పట్టుకుని ఉన్నాడు, బలం చేస్తున్నది నేనే. పళ్లు బిగించాను. తెలియకుండానే ముఖం పక్కకి తిప్పాను. ఆయన చటుక్కున వదిలేశాడు.

“ముఖం తిప్పమాక! చెయ్యి ఎటుంటే కళ్లు అటే ఉండాల.”

ఆ హెచ్చరిక ఎందుకో నాకు తెలుసు. చెయ్యి ఒకవైపు ఉండిపోయి ఒళ్లు రెండోవైపు తిరిగితే జబ్బ ఎముక తడిబట్ట పిండినట్టు మెలిపడుతుంది. అది మెలి వెంబడే విరుగుతుంది. ఆ ఎముక చుట్టూ తిరిగి వెళ్లే నరం దెబ్బతింటే మణికట్టు పైకి లేవదు. ఈ ఆటలో అందరూ భయపడే గాయం ఇదే. బాబాయ్‌కి ఇదంతా డాక్టర్లు చెప్పగా తెలిసింది కాదు. ఆయన ఆ చప్పుడు విన్నాడు. ఎన్నో ఏళ్ల కిందట టీ బంకు దగ్గర ఒక క్లీనర్ కుర్రాడు ఓడిపోతూ ఓడిపోతూ ముఖం తిప్పాడు. ఎండుకట్టె విరిగినట్టు వినపడిందట. ఆసుపత్రికి తీసుకెళ్లింది బాబాయే. చెయ్యి కుదురుకునేదాకా మూడు నెలలు తన కూలిలో సగం వాళ్లింటికి పంపాడు. ఆ తర్వాత ఏ కుర్రాడు పోటీకొచ్చినా ముందు ఎలా నిలబడాలో నేర్పి, ఆ మీదటే ఓడించేవాడు. నా దృష్టిలో ఆయన గెలుపులన్నిటికంటే ఇది పెద్దది. దీనికి బిందెలూ శాలువాలూ ఎవరూ ఇవ్వలేదు.

మాట మార్చడానికి జాన్ బ్రెజెంక్ సంగతి ఎత్తాను. అమెరికావాడు. 1986లో లాస్ వేగాస్‌లో, స్టాలోన్ సినిమా ‘ఓవర్ ది టాప్’ కోసం నిజంగానే పెద్ద పోటీ పెట్టారు. అందులో 22 ఏళ్ల బ్రెజెంక్ 2,50,000 డాలర్ల ట్రక్కు గెలుచుకున్నాడు. తనకంటే ఎంతో బరువున్నవాళ్లని ఏళ్ల తరబడి పడగొట్టాడు. ఈ ఆటలో అంతటివాడు లేడంటారు. అయినా బతుకుతెరువుకి విమానాలు బాగుచేసే మెకానిక్‌గా పనిచేశాడు.

“పొద్దున పనికిపోయి, వచ్చి ఆడేవాడా?” అని రెండుసార్లు అడిగాడు బాబాయ్. అవునన్నాను. ట్రక్కు కంటే ఆ మాటే ఆయనకి నచ్చింది. “మావాడే,” అన్నాడు.

ఆ ఉత్సాహంలో ఇంకోటి చెప్పాను. కాలిఫోర్నియాలో పెటలూమా అని ఊరు. మనకి మిర్చి ఎలాగో ఒకప్పుడు వాళ్లకి కోడిగుడ్లు అలాగ. ఒక సారాకొట్టులో మొదలైన పంజాని అక్కడి పత్రికా రచయిత బిల్ సొబెరానెస్ పట్టుబట్టి ప్రపంచ పోటీగా నిలబెట్టాడు. టీవీలో దేశమంతా చూసేవాళ్లు. 1968లో చార్ల్స్ షుల్జ్ తన ‘పీనట్స్’ బొమ్మల కథలో స్నూపీ అనే కుక్కని ఆ పోటీకి పంపాడు. కుక్క ఎంతో ఆశగా బయల్దేరుతుంది. తీరా వెళ్లాక దాన్ని ఆడనివ్వరు. బొటనవేళ్లు పెనవేయాలని అక్కడ నియమం. కుక్కకి బొటనవేలు లేదు కదా.

బాబాయ్ నవ్వు మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. కండువాతో కళ్లు తుడుచుకుని, “ఎంత పని చేశార్రా! పాపం, ఆశపడి వచ్చినదాన్ని,” అన్నాడు. కాసేపాగి మళ్లీ తనే, “నియమం నియమమేలే. బొటనవేలు లేకపోతే పంజా ఏముంది,” అన్నాడు.

మర్నాడు పొద్దున వీధిలోకి రేషన్ బండి వచ్చింది. బాబాయ్ సంచీ పట్టుకుని వరుసలో నిలబడ్డాడు. ఊరికే ఉండలేక నేనూ పక్కన నిలబడ్డాను.

ఆయన వంతొచ్చింది. బండి కుర్రాడు చేతిమిషన్ ముందుకి జరిపాడు. బాబాయ్ బొటనవేలు పెట్టాడు. మిషన్ కూత పెట్టింది. మళ్లీ పెట్టమన్నాడు. వేలు కండువాకి తుడిచి పెట్టాడు. పడలేదు. తలకి రుద్ది, నూనె జిడ్డు అంటించి పెట్టాడు. పడలేదు. ఎడమ చెయ్యి. చూపుడువేలు. మధ్యవేలు. పది వేళ్లూ అయ్యాయి.

“గీతలన్నీ అరిగిపోయినయ్ తాతా,” అన్నాడు కుర్రాడు. అతను చెడ్డవాడు కాదు. వెనక ముప్పై మంది ఉన్నారు. “పోయిన నెల కూడా ఇదేగా. మామ్మ ఉన్నప్పుడు ఆమె వేలు పడేది.”

“ఇంకొక్కసారి చూడు నాయనా.”

కుర్రాడు మిషన్ని బల్ల మీద పెట్టాడు. బాబాయ్ కుడిచేతిని తన రెండు చేతులతో పట్టుకుని, బొటనవేలు అద్దానికి ఆనేలా గట్టిగా కిందికి అదిమాడు. బాబాయ్ ఎదురు బలం చెయ్యలేదు. ఆ చెయ్యి కిందికి వెళ్లడం నేను చూడటం అదే మొదటిసారి.

మిషన్ కూత పెట్టింది.

“ఆధార్ సెంటర్‌కి పోయి ముద్రలు మళ్లీ వేయించుకురా తాతా. తర్వాతెవరు?”

బాబాయ్ పక్కకి జరిగాడు. ఖాళీ సంచీని నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకున్నాడు. ఏం మాట్లాడాలో తెలియక నేనూ వెనకే నడిచాను. ఇంటి మెట్టు దాకా వచ్చి ఆగాడు. కుడిచెయ్యి పైకెత్తి బొటనవేలిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

“అబ్బాయ్, ఆ కుక్కకి బొటనవేలు లేదని పంపేశారన్నావు కదా,” అన్నాడు. “నాకుందిగా?”